పూజలో పెట్టిన గార్డు

మచ్చ బొల్లారం,
19 అక్టోబరు 1997

మావయ్యకు లలిత నమస్కారాలు.

దసరా వెళ్లి వారం దాటినా ఉత్తరం రాలేదేమని నువ్వు పార్వతీదేవి అత్తయ్య ప్రాణం తీస్తూ ఉంటావు. పండగ కబుర్లు రాద్దామంటే చెయ్యి రాలేదు. ముప్ఫై రెండేళ్లు ఈఎస్ఐ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషివి కదా, ఇవాళ మేనకోడలిగా కాదు, నీ కౌంటరు ముందు నిలబడ్డ మనిషిగా అడుగుతున్నాను. సెలవు రోజున, హాజరు పట్టీలో సంతకం లేని రోజున, ఫ్యాక్టరీలో దెబ్బ తగిలితే ఈఎస్ఐ వర్తిస్తుందా?

మేడ్చల్ దారిలో నేను హాజరూ కాగితాలూ చూసే ఫ్యాక్టరీ నీకు తెలుసుగా. ఇనుప రేకుల్లోంచి ఫ్యాన్ల క్లాంపులు కొట్టే పవర్ ప్రెస్‌లు నాలుగున్నాయి. యజమాని మనోరమ గారిది శామీర్‌పేట. తండ్రి ఇచ్చిన పొలంలో కొంత అమ్మి ఈ షెడ్డు వేసుకున్నారు. మహానవమి నాడు ఆయుధపూజ మన వైపు కంటే ఇక్కడ గట్టిగా చేస్తారు. మిషన్లు కడిగి, బొట్లు పెట్టి, బంతిపూలు కడతారు. పానాలు, సుత్తులు, ఆఫీసు రిజిస్టర్లు అన్నీ అమ్మవారి పటం ముందు పీట మీదికి చేరతాయి. మర్నాడు దశమి పూజ అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. హాజరు పట్టీ కూడా అక్కడే. ఒకటో నంబరు ప్రెస్‌కి చెయ్యి లోపలికి పోకుండా ముందు బిగించే ఇనుప జాలీ ఉంటుంది, గార్డు అంటాం. దాన్నీ కడిగి, పసుపు రాసి పూజలో పెట్టారు.

పూజయ్యి అందరూ ఇళ్లకు బయల్దేరుతుంటే సరుకు కొనేవాళ్ల లారీ వచ్చింది. రెండు పెట్టెలు తక్కువ. "గంట పని. అమ్మవారికి మొక్కుకొని జేద్దాం" అన్నారు మనోరమ గారు. కట్టిన బంతిదండ విప్పకుండానే ప్రెస్ తిప్పించారు. గార్డును మాత్రం పూజలోంచి తియ్యలేదు. మిషన్ తిప్పితే అమ్మవారు క్షమిస్తుందట, పీట మీది వస్తువు కదిపితే క్షమించదట!

తిప్పింది దుర్గాబాయి. ఆరేళ్లుగా ఒకటో ప్రెస్ ఆమెదే. చప్పుడు విని, రేకును కోసే డై అరిగిందో లేదో చెప్పేస్తుంది. ఆ చేతికి మూడు వేళ్లు పోయాయి మావయ్యా, కుడిచేతివి. నెత్తురు కారుతుంటే ఎడమచెయ్యి చాచి ముందు మోటారు ఆపింది. వెనక ఫిట్టరు లింగం నూనె పోస్తున్నాడని. ఆ తర్వాతే కింద కూర్చుంది.

మనోరమ గారే జీపులో నర్సింగ్‌హోంకి తీసుకెళ్లారు. కౌంటరు దగ్గర మాత్రం "ఇంటికాడ గడ్డి కోసే మిషన్ల చెయ్యి వడ్డది" అని రాయించారు. దుర్గాబాయిది కుత్బుల్లాపూర్‌లో ఒంటి గది. భర్త లేడు. తనూ, ఎనిమిది చదివే కూతురు భవితా. ఆ గదిలో గడ్డి మిషన్ కాదు కదా, పిల్లి ముడుచుకోవడానికి చోటు లేదు!

సెలవు రోజు మిషన్ నడిచిందనీ, జాలీ లేదనీ తెలిస్తే ఇన్‌స్పెక్టర్లు వస్తారని ఆవిడ భయం. "ఆస్పత్రి ఖర్చు నాది. దుర్గకు బతికినంత కాలం పని ఇస్త. మా మనిషిని మేం చూసుకుంటం, సర్కారెందుకు?" అంటున్నారు. ప్రమాద నివేదిక నింపాల్సింది నేను. గడువు ఎప్పుడో దాటింది. ఇంకా నింపలేదు. ఏం చెయ్యమంటావు?

లలిత

తెనాలి,
26 అక్టోబరు 1997

చిరంజీవి లలితకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మావయ్యగా, రెండోసారి పాత మేనేజరుగా. పాయింట్లకు నంబర్లు వేస్తే నవ్వుతావని వేయడం లేదు. అత్తయ్య దీన్ని నా జీవితంలో పెద్ద త్యాగం అంటోంది.

ఆమెకు ఈఎస్ఐ కార్డు ఉందనే అనుకుంటున్నాను. లేకపోతే దారి వేరు. అప్పుడు పాత నష్టపరిహార చట్టం కింద యజమానే ఇచ్చుకోవాలి. అందుకే అలాంటి చోట్ల యజమానులు ముందుగా బీమా కంపెనీలో పాలసీ తీసుకుంటారు. ఇవ్వకపోతే కార్మిక శాఖ కమిషనరు దగ్గర కేసు, వాయిదాలు, వకీళ్లు. కార్డు ఉంటే ఆ తిప్పలు లేవు. ఆమె జీతంలో పట్టుకున్నదీ, దానికి మనోరమ గారు కలిపిందీ ఎందుకనుకున్నావు? ఇలాంటి రోజు కోసమే. వైద్యం ఉచితం. డాక్టరు పనికి వద్దన్నన్ని రోజులూ జీతంలో పెద్ద భాగం వస్తుంది. గాయం మానాక మెడికల్ బోర్డు చేతిని చూసి, సంపాదించే శక్తి ఎంత పోయిందో తేలుస్తుంది. దాన్ని బట్టి బతికినంత కాలం నెలనెలా పింఛను. మళ్లీ యజమాని మీద నష్టపరిహారం కేసు వేయడానికి ఉండదు. అంటే ఈ ఏర్పాటు మనోరమ గారికీ రక్షే. ఆవిడకది ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇన్నేళ్ల సర్వీసులో నాకు ఎంతో నచ్చిన సంగతి ఒకటుంది. ఇందులో తప్పెవరిదని అడగరు. పనిలో జరిగిందా, పని వల్ల జరిగిందా, అంతే. సెలవు రోజైనా యజమాని చెయ్యమంటే చేసింది పనే. సంతకం లేనంత మాత్రాన పని జరగనట్టు కాదు. కాని జరిగిందని చూపించాలి. నర్సింగ్‌హోం కాగితం అడ్డం పడుతుంది. ఆ రోజు లారీతో వెళ్లిన సరుకుకి చలాను ఎవరు రాశారు? దాని మీద తేదీ, టైము ఉంటాయిగా.

మనోరమ గారిది చెడ్డ మనసని నేననను. కాని ఆవిడ మాట ఆవిడ ఉన్నంత కాలం, ఫ్యాక్టరీ నడిచినంత కాలం. పింఛను దుర్గాబాయి ఉన్నంత కాలం.

ఇంకొక్కటి. గార్డును పూజలో ఎవరు పెట్టారు? లారీ వచ్చాక ఎవరు తియ్యనివ్వలేదు? వీధిలో కుక్క అరిచినా ఎవరింటి కుక్కో చెప్పే దానివి, ఇది ఒక్కటీ చెప్పలేదు.

చక్రపాణి

మచ్చ బొల్లారం,
16 నవంబరు 1997

మావయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని ఆదివారం శామీర్‌పేట వెళ్లాను. "ఉద్యోగం నీది, గొడవ వాళ్లది, నీకెందుకు" అని మా ఆయన పొద్దున్నుంచీ ముఖం ముడుచుకునే ఉన్నాడు. కరీంనగర్ బస్సు కదిలేటప్పుడు మాత్రం పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి గొడుగు అందించాడు. వెంకటసాయి అంటే అదీ.

మనోరమ గారు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. నువ్వు రాసిందంతా చదివి వినిపిస్తే చివరిదాకా విన్నారు.

"మీ మావయ్య చదువుకున్నోడు, కాదంటలేను. గని లలితా, మా బాపు కాడ ట్రాక్టర్ కింద వడ్డ జీతగానిని సచ్చేదాక మేమే సాదినం. కాగితం రాసుకున్నమా? దుర్గ నా సొంత మనిషి. రేపు ఇన్‌స్పెక్టర్ వచ్చి షెడ్డుకు తాళమేస్తే నలభై మంది యాడికి పోవాలె?"

ఆవిడ అబద్ధమాడుతున్నారని అనిపించలేదు. నిజంగానే పరేషాన్‌లో ఉన్నారు.

అక్కణ్ణుంచి కుత్బుల్లాపూర్ వెళ్లాను. దుర్గాబాయి గడప మీద కూర్చుని భవిత నోటుబుక్కులో ఎడమచేత్తో తన పేరు రాస్తోంది. కట్టు కట్టిన కుడిచేత్తో పుస్తకం కదలకుండా అదిమి పెట్టింది. ఒక పేజీలో 'దు' ఒక్కటే ఉంది, ఇరవై సార్లు. "సంతకం మారింది, నువ్వు దుర్గవు గాదంటే ఏం జెయ్యాలె? గందుకే జల్దీ నేర్సుకుంటున్న" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ప్రమాదం ఇంట్లో జరిగిందని రాసిన కాగితం మనోరమ గారు లింగంతో పంపారట. దుర్గాబాయి సంతకం పెట్టలేదు. ఎందుకని అడిగాను.

"మేడం మంచిదే లలితమ్మా. గిన్ని దినాలు బువ్వ వెట్టింది, ఆమె మీద నాకు కోపం లేదు. గని గడ్డి మిషన్ల వెట్టిన అంటే ఆరేండ్లు నేను జేసిన పని యాడికి పోవాలె? నా చెయ్యి పనిల పోయింది. పనిల పోయిందనే రాయాలె."

నేను డిగ్రీ చదివాను. ఇంత సూటిగా ఒక్క మాట నా నోట ఎన్నడూ రాలేదు. ఆమెను చూస్తే గౌరవం కలుగుతుంది, నన్ను చూసుకుంటే సిగ్గేస్తుంది. ఆమెకు ఈఎస్ఐ కార్డు ఉంది. చలాను నేనే రాశాను, నకలు నా బీరువాలోనే ఉంది. నివేదిక ఫారం నా సంచిలో ఉంది. రోజూ ఆఫీసుకు తీసుకెళ్తున్నాను, రోజూ ఇంటికి తెస్తున్నాను.

లలిత

తెనాలి,
24 నవంబరు 1997

లలితా,

చలాను సంగతికి జవాబు వచ్చింది. గార్డు సంగతికి రాలేదు.

మనోరమ గారి నలభై మంది గురించి. ఒక్క ప్రమాదానికి షెడ్డు మూయించరు. జరిమానా పడవచ్చు, జాలీలన్నీ సరిగ్గా బిగించమంటారు. దాచిపెడితే మాత్రం ఆ మిషన్ రేపు ఇంకొకరి చెయ్యి అడుగుతుంది. ఈ మాట ఆవిడకు చెప్పు.

చిన్నప్పుడు నా సిరాబుడ్డి పగలగొట్టి మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు నువ్వు. నాకు మొదటి రోజే తెలుసు. నువ్వు చెప్పాక నేనేమన్నాను? ఏమీ అనలేదు. ఇప్పుడూ అనను.

చక్రపాణి

మచ్చ బొల్లారం,
21 డిసెంబరు 1997

మావయ్యా, నేనే.

గార్డు విప్పించింది నేను. లింగం నాలుగు బోల్టులు తీసి ఇచ్చాడు. దానికి కొత్తగా రంగు వేశారు, పటం పక్కన నిలబెడితే బాగుంటుందని నా ముచ్చట. లారీ వచ్చాక లింగం దానికోసం వచ్చాడు. "లలితమ్మా, గార్డియ్యి" అన్నాడు. "ఉద్వాసన చెప్పకుండా పీట మీదిది కదపకూడదు లింగం, ఒక్క గంటేగా" అన్నాను. చేతినిండా కుంకుమతో నిలబడి చెప్పానా మాట. ఇరవై నిమిషాలు కూడా కాలేదు, కేక వినపడింది.

ఇది నీకు రాయడానికి రెండు నెలలు పట్టింది. వెంకటసాయికి కూడా నిన్ననే చెప్పాను.

డిసెంబరు ఒకటిన నివేదిక నింపి, చలాను నకలు జతచేసి, మనోరమ గారికి చూపించే పంపాను. "పంపు" అన్నారు. అంతే, ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

మొన్న గురువారం ఈఎస్ఐ స్థానిక కార్యాలయం నుంచి ఒకాయన విచారణకు వచ్చారు. మా ఆఫీసు గదిలోనే కూర్చున్నారు. మనోరమ గారు, లింగం, నేను, దుర్గాబాయి. ఆయన ముందు నర్సింగ్‌హోం కాగితం, దాని పక్కన నా చలాను. వెళ్లి ఒకటో ప్రెస్ చూసొచ్చారు. అప్పటికి గార్డు మళ్లీ బిగించి ఉంది.

"ఈ జాలీ ఉండగా చెయ్యి డై దాకా పోదు. మరి దెబ్బ ఎలా తగిలింది? ఇంట్లో అన్న కాగితమే నిజమనుకోవాలి. ఆ రోజు జాలీ లేదంటారా? లేకపోతే ఎక్కడికి పోయింది?" అని దుర్గాబాయిని అడిగారు.

"అది నాకెర్క లేదు సారు" అంది. "మిషన్ తిప్పింది నేను. చెయ్యి నాది."

ఆమెకు తెలుసు మావయ్యా! లింగం నన్ను గార్డు అడిగినప్పుడు ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది. నేనన్నది విని, వెళ్లి ప్రెస్ ముందు కూర్చుంది. తన చెయ్యి గురించి ఒక్క అబద్ధానికి సంతకం పెట్టని మనిషి, నా కోసం ఒకటి చెప్పింది. ఆ ఒక్కదానితో తన పింఛను పోతుందని కూడా ఆమెకు తెలుసు. ఆయన కలం ఎత్తి రాయబోతున్నారు.

లేచి నిలబడ్డాను. "గార్డు పూజలో ఉందండీ. పెట్టించింది నేను. తియ్యొద్దన్నదీ నేనే" అన్నాను.

అప్పటిదాకా నేల చూస్తున్న లింగం "అవును సారు. నేను వోయి అడిగిన. ఇంకింత గట్టిగ అడగకపోతి" అన్నాడు. మనోరమ గారు నర్సింగ్‌హోం కాగితం మీద వేలు పెట్టారు. తర్వాత "మిషన్ నడుపుమన్నది నేను. గడ్డి మిషన్ అని రాయించింది గూడ నేనే. దుర్గ ఇంట్ల గసంటిది లేదు" అన్నారు.

ఆయన మా ముగ్గురినీ చూసి, "తప్పెవరిదని నేను రాసుకోవడం లేదమ్మా. మిషన్ ఎలా నడిచిందో రాసుకుంటున్నాను" అన్నారు. అచ్చం నువ్వు రాసినట్టే. నాకు ఏడుపొచ్చింది.

బయటికి వచ్చాక దుర్గాబాయి నన్ను కోప్పడింది. "నీకేం పని? నౌకరి పోతే?" అంది. నా నౌకరీ గురించి, ఆ చేత్తో!

లలిత

తెనాలి,
2 జనవరి 1998

చిరంజీవి లలితకు,

ఏమీ అననన్నాను. అనడం లేదు. అత్తయ్యకు చదివి వినిపించబోతే రెండుసార్లు ఆగాల్సి వచ్చింది, ఆవిడే తీసుకుని చదివింది.

దుర్గాబాయికి నా నమస్కారం చెప్పు. మాటవరసకు రాయడం లేదు, నిజంగా చెప్పు. నీ గురించి ఏం రాయను? గర్వంగా ఉంది. నువ్వు నాకంటే మేలైన మనిషివి. ఎందుకో కూడా చెప్తాను, నేనూ ఒకటి దాచుకున్నాను.

నా మొదటి పోస్టింగులో ఒక నూలు మిల్లు కార్మికుడి క్లెయిము వచ్చింది. పేరు యజ్ఞనారాయణ. పండగ రోజు దెబ్బ తగిలింది. హాజరు పుస్తకం తెప్పించి చూశాను, సంతకం లేదు. 'ఆ రోజు పనిలో లేడు' అని రాసి పంపాను. అతని భార్య కౌంటరు ముందు నిలబడి "పుస్తకం ఆ రోజు పూజలో ఉందండీ" అంది. నేను తలెత్తలేదు. ఆ మిల్లుకు వెళ్లి ఒక్క మాట అడగాల్సింది. వెళ్లలేదు. ఆ క్లెయిము అలాగే పోయింది.

నీ మొదటి ఉత్తరంలో హాజరు పట్టీ పీట మీద ఉందని చదివినప్పుడు అతని భార్య మాటే మళ్లీ వినిపించింది. అందుకే నీ వెంటపడ్డాను. ఆ గదిలో నువ్వు లేచి నిలబడ్డావు, నేను ఇరవై ఎనిమిదేళ్ల వయసులో తలెత్తలేదు. నీదీ నాదీ ఒకే రక్తమని తలుచుకుంటే కాస్త ఊరట.

చక్రపాణి

మచ్చ బొల్లారం,
17 మే 1998

మావయ్యా,

రాయడానికి పోస్టుకార్డు ముక్కే దొరికింది, కబురు మాత్రం పెద్దది. పనిలో తగిలిన దెబ్బేనని ఒప్పుకున్నారు. ఇంట్లో ఉన్న రోజులన్నిటికీ రావలసింది వచ్చింది. బోర్డు ముప్ఫై శాతం నష్టమని తేల్చింది, బతికినంత కాలం పింఛను. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కూడా వచ్చారు. జరిమానా పడింది, షెడ్డుకు తాళం పడలేదు. నా ఉద్యోగమూ పోలేదు. ఐదు నెలల తర్వాత మనోరమ గారు నాతో అన్న మొదటి మాట: "మీ మావయ్యకు రాయి, గింత సీదా ఉంటదని నాకెర్క లేదు." దుర్గాబాయి వచ్చే నెల నుంచి పీసులు తనిఖీ చేసే బల్ల దగ్గర. డై చప్పుడు తేడాగా ఉంటే అక్కణ్ణుంచే కేకేస్తానంటోంది.

లలిత

మచ్చ బొల్లారం,
2 అక్టోబరు 1998

మావయ్యా,

మళ్లీ ఆయుధపూజ వెళ్లింది. ఈసారి కబుర్లు రాయడానికి చెయ్యి వచ్చింది.

పూజ వారం ఉందనగా నాకు నిద్ర పట్టలేదు. సామాన్లు పీట మీదికి చేర్చాల్సింది నేనే కదా. నవమి నాడు పొద్దున్నే లింగం పానా పట్టుకుని ఒకటో ప్రెస్ దగ్గర నిలబడి నా వైపు చూశాడు. విప్పాలా వద్దా అని. తనిఖీ బల్ల దగ్గర్నుంచి దుర్గాబాయి లేచి వచ్చింది. ముందురోజే ఎడమచేత్తో బతుకమ్మ పేర్చిందట, భవిత పూలందిస్తే. ఆ సంబరం ఇంకా ముఖంలో ఉంది.

"పానా ఆడ వెట్టు లింగం" అంది. "అమ్మకు కాళ్లున్నయి గద. ఆమెనే మిషన్ కాడికొస్తది."

మనోరమ గారు వెళ్లి అమ్మవారి పటాన్ని గోడ మీంచి దించారు. రెండు చేతులా గుండెకు ఆనించుకుని ఒకటో ప్రెస్ దగ్గరికి తెచ్చారు. బిగించి ఉన్న జాలీకే పసుపు రాశాం, బొట్టు పెట్టాం. అలా ఒక్కో మిషన్ దగ్గరికీ పటం వెళ్లింది. పీట మీద ఈసారి సుత్తులూ పానాలే. లారీకి ముందే చెప్పేశారు, దశమి దాటాక రమ్మని.

హాజరు పట్టీ నా బల్ల మీదే ఉంది. పూజకు వచ్చినా సరే, షెడ్డులో అడుగు పెట్టినవాళ్లు సంతకం చెయ్యాలని మనోరమ గారి కొత్త మాట. అందరికంటే ముందు దుర్గాబాయి వచ్చింది. ఎడమచేత్తో నిదానంగా రాసింది. 'దు' దగ్గర ఒక్క క్షణం ఆగింది, తర్వాత ఆగలేదు. పూర్తి పేరు, వంకర లేకుండా. నీ యజ్ఞనారాయణ గుర్తొచ్చాడు మావయ్యా. నీకు చూపించాలనిపించింది.

నేను రిజిస్టరు మూయబోతే ఆపింది. కలం నా చేతిలో పెట్టింది.

"నీది గూడ వెయ్యి లలితమ్మా. ఇయ్యాల మనిద్దరం ఈడ ఉన్నమని ఉండాలె."

చేతికి కుంకుమ ఉంది, కడుక్కొస్తానన్నాను. కదలనివ్వలేదు. అలాగే చేశాను. నా పేరు పక్కన వేలిముద్రంత ఎర్రటి మరక పడింది. తుడవలేదు.

లలిత